తడి ఫోటో

మా అక్క ఎస్తర్‌కు భౌతికశాస్త్రం చదవడానికి స్కాలర్‌షిప్పు వచ్చిందని కబురు తెలిసిన రోజు మా నాన్న చేతులు నీలంగా ఉన్నాయి. ఆయన ఉన్నికి రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. ఆ వారం ఏ రంగు నడుస్తుంటే ఆ రంగు మోచేతుల దాకా పట్టేది. ఆ నీలం చేతులతోనే కాగితం పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఫిజిక్సంటే ఏంటే?" అన్నాడు.

"ఏ వస్తువైనా ఎందుకలా ఉందో కనుక్కోవడం, నాన్నా."

"అది నువ్వు మాటలొచ్చినప్పట్నించీ మా ప్రాణాలు తీస్తూ అడుగుతున్నదేగా. ఇప్పుడు దానికి ఎదురు డబ్బులు కూడా ఇస్తారా?"

అమ్మ టీ పోస్తూ, "ఇచ్చేవాళ్ళు ఇస్తుంటే నువ్వెందుకయ్యా అడ్డం?" అంది. దాంతో ఆ విషయం తేలిపోయింది.

నేను రోడాని. అక్కకన్నా ఆరేళ్ళు చిన్నదాన్ని. బడి అయిపోగానే అదే మిల్లులో చేరాను. నేసిన గుడ్డను వెలుతురు కిటికీ ముందు బల్ల మీద పరిచి, తెగిన పోగుల్ని సూదితో అతికే పని నాది. ఇంగ్లండులోని మా యార్క్‌షైర్ లోయలో ఆడపిల్లలకు అంతకన్నా శుభ్రమైన పని లేదు. అక్క మాత్రం పొద్దున్నే ట్రామెక్కి నగరంలోని విశ్వవిద్యాలయానికి పోయేది. డిగ్రీ అయ్యాక అక్కడే పరిశోధనలో చేరింది.

ఆమె పైఅధికారి పేరు ప్రొఫెసర్ హార్‌గ్రీవ్. నిలువెత్తు మనిషి, పెద్ద గొంతు. నవ్వితే పక్క గదిలో గాజుసామాను కదిలేదని అక్క చెప్పేది. ఎక్స్‌కిరణాలతో ఉన్నిపోగుకు ఫోటోలు తీసి, సాగదీసిన ఉన్ని మళ్ళీ ఎందుకు ముడుచుకుంటుందో కనిపెట్టినవాడని ఆయనకు దేశమంతా పేరుంది. మిల్లు యజమానులు ఆయనకు విందులిచ్చేవాళ్ళు.

ఒకరోజు విదేశం నుంచి ఒక రసాయన శాస్త్రవేత్త ఆయనకు చిన్న పొట్లం పంపించాడు. దూడ మెడ దగ్గరుండే గ్రంథి నుంచి తీసిన పదార్థమట. చూడ్డానికి తెల్లటి దూదిపింజలాగా ఉంది. న్యూక్లిక్ ఆమ్లం. ఇవాళ అందరూ డీఎన్ఏ అంటున్నది దాన్నే. ఆ రోజుల్లో దాని మొహం చూసేవాళ్ళు తక్కువ. జీవరహస్యమంతా ప్రొటీన్లలోనే ఉందనీ, ఇది సామాను విరక్కుండా పెట్టెలో కూరే గడ్డిలాంటిదనీ పెద్దవాళ్ళ నమ్మకం. అందుకే ప్రొఫెసర్ ఆ పొట్లాన్ని అక్క బల్ల మీద పడేసి, "తీరికున్నప్పుడు చూడండి, మిస్ సగ్డెన్" అన్నాడు. తీరికున్నప్పుడేమిటి, అక్క ఆ సాయంత్రమే మొదలుపెట్టింది.

అదేం పనో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి వానలో ప్రార్థనమందిరం నుంచి ఇంటికి వస్తుంటే అడిగాను. అక్క వీధిదీపం ముందు ఆగింది.

"గొడుగు గుడ్డలోంచి ఆ దీపాన్ని చూడు. ఏం కనబడుతోంది?"

చూశాను. ఒక్క దీపం బదులు, వరసగా కూర్చిన వెలుగుచుక్కలు కనిపించాయి.

"దీపం ఒకటే. ఆ చుక్కల్ని చేస్తున్నది నీ గొడుగు నేత. పోగులు దగ్గరైతే చుక్కలు దూరమౌతాయి, నేత మారితే ముగ్గు మారుతుంది. చుక్కల్ని చూసి నేత చెప్పొచ్చు. నేను చేసేదీ అదే. కాకపోతే నా పోగు కంటికి ఆనదు."

ఆ మాట తర్వాత ఆమె పని గురించి నేనెప్పుడూ భయపడలేదు.

ఆ పదార్థాన్ని జిగురులా చేసి, సన్నగా దారంలా లాగి, ఇత్తడి కెమెరాలో బిగించి, దాని గుండా ఎక్స్‌కిరణాలు పంపేది. ఒక్కో ఫోటోకు గంటల కొద్దీ పట్టేది. కరెంటు కొట్టి ఒకసారి చెయ్యి మొద్దుబారి ఇంటికొచ్చింది. అమ్మ వెన్న రాయబోతే, "కాలిన దెబ్బ కాదే అమ్మా" అంది. "ఏదైతేనేం, వెన్న మంచిదే" అని అమ్మ రాసేసింది. చివరికి చుక్కలు దొరికాయి. చదునైన బిళ్ళల్లాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఆ పదార్థం కట్టి ఉందని లెక్క తేలింది. గడ్డి కాదు, అందులో ఒక కట్టడం ఉంది. ప్రొఫెసర్ సంతోషం పట్టలేక నడవా అంతా కేకలు పెట్టాడట.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చిన ఏడాదే వసంతంలో మా నగరంలో భౌతికశాస్త్రవేత్తల సభ జరిగింది. అక్క తీసిన ఫోటోలను ప్రొఫెసర్ తన ఉపన్యాసంలో చూపిస్తాననీ, అక్క పక్కన నిలబడి స్లైడ్లు మార్చాలనీ అన్నాడు.

"స్లైడ్లు నా బల్ల సొరుగులో ఉన్నాయి సార్. నేను మాట్లాడితేనే బయటికొస్తాయి" అంది అక్క.

"బెదిరిస్తున్నారా, మిస్ సగ్డెన్?"

"అవును సార్."

ఆయన పగలబడి నవ్వి ఒప్పుకున్నాడు. ఆయనకు ధైర్యమున్న మనుషులంటే ఇష్టం. ఆ ధైర్యం తనవైపు ఎక్కువసేపు తిరగనంత వరకూ.

నాన్నా నేనూ ఆదివారం బట్టలు వేసుకుని సభకు వెళ్ళి వెనక కూర్చున్నాం. అక్క మాట్లాడుతున్నంతసేపూ నాన్న టోపీ నలుపుతూనే ఉన్నాడు. అయ్యాక ఒక ముసలి రసాయన శాస్త్రవేత్త లేచి నిలబడ్డాడు.

"ఈ పదార్థం ఎందుకూ కొరగానిదని అందరికీ తెలిసిందే. దీని మీద మీరింత శ్రమ ఎందుకు పడ్డట్టు?"

"అందరికీ తెలుసునన్నారు కదండీ. ఎవరైనా చూశారేమోనని వెతికాను. ఎవరూ చూడలేదు" అంది అక్క.

సభ నవ్వింది. ముసలాయన కూర్చున్నాడు. నాన్న నా చెవిలో, "అచ్చం మీ అమ్మే" అన్నాడు.

బయటికొస్తుంటే ఒక పత్రికా విలేఖరి అక్కను పట్టుకున్నాడు. ఫోటోల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"మీకు వంట వచ్చా, మిస్?"

"వచ్చు. మీకు?"

మర్నాడు పత్రికలో 'మగవాళ్ళకు పాఠం చెప్పిన మిల్లు పిల్ల' అని పడింది. అక్క ఒళ్ళు మండి, "మిల్లులో నేనెప్పుడే పనిచేసింది?" అంటూ పేపరు విసిరికొట్టింది. నాన్న దాన్ని ఏరి, ఆ ముక్క కత్తిరించి టోపీలో పెట్టుకున్నాడు. బీరు తాగే చోట ఎవరు ఎదురుపడినా టోపీ తీసి చూపించేవాడు. "ఇదింకా పేపరే. ఈ ఏడాదే సైన్సు పత్రికలో పడబోతోంది మా పెద్దదాని పేరు, ఆ ప్రొఫెసరు పేరు పక్కనే" అని చెప్పుకున్నాడు. అందరి చేతా దానికి గ్లాసులెత్తించాడు.

ఆ వేసవి ఒకటే వాన. నేలమాళిగలో ఉన్న ఆ గది గోడలు చెమ్మగిల్లి పోయాయి. ఒకనాడు అక్క తీసిన ఫోటోలో అలవాటైన చుక్కలు లేవు. మసక మసకగా, ఇంటూ గుర్తులాగా, రెండు గీతలు అడ్డంగా కోసుకున్న ఆకారం పడింది. మొదట తనే తప్పు చేశాననుకుంది. ఆ దారాన్నే వెచ్చటి చోట ఆరబెట్టి మళ్ళీ తీస్తే పాత చుక్కలు వచ్చాయి. కెమెరాలో తడిపిన అద్దుడు కాగితం పెట్టి తీస్తే మళ్ళీ ఇంటూ. ఆరబెడితే చుక్కలు, తడిపితే ఇంటూ. పైగా తడిసినప్పుడల్లా దారం పొడుగు సాగుతోంది. ఒకే పదార్థానికి రెండు రూపాలున్నాయి. ఇన్నాళ్ళూ ఆ రెండూ అంతో ఇంతో కలిసిపోయిన ఫోటోలు చూసి తాము లెక్కలు కట్టారు.

తర్వాత ఆ గదిలో జరిగింది అక్క చెప్పగా విన్నదే. ఆమె రెండు ఫోటోలూ పట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన అచ్చుకు పంపాల్సిన వ్యాసానికి మెరుగులు దిద్దుతున్నాడు. న్యూక్లిక్ ఆమ్లం బిళ్ళల మధ్య దూరమూ, ప్రొటీన్ల లోపలి దూరమూ ఒక్కటేనని ఆయన సిద్ధాంతం. రెండూ చేతిలో చెయ్యి వేసుకుని జీవాన్ని నడిపిస్తాయని విదేశాల్లో కూడా చెప్పొచ్చాడు.

ఇంటూ గుర్తు ఫోటోను దీపానికి ఎత్తి చూసి, "ఇది తడిసి పాడైంది" అన్నాడు.

"పాడైంది కాదండీ. ఆరబెడితే మళ్ళీ మొదటి రూపమే వస్తోంది. పాడైన పాలు మళ్ళీ మంచి పాలవుతాయా?"

"మీరు దాన్ని ఉబ్బించారు. ఉబ్బిన గుడ్డకు నేత ఏముంటుంది?"

"ఉంది కాబట్టే ఇంటూ వచ్చింది. మెలితిరిగిన దానికే అలా వస్తుందని నా అనుమానం. లెక్క వెయ్యడానికి ఆర్నెల్లు ఇవ్వండి. ఈలోగా వ్యాసంలో రెండు ఫోటోలూ వేద్దాం."

"ఒక్కటే వేస్తున్నాం. మంచిది."

"మంచిదని మీకెలా తెలుసు?"

అప్పుడాయన మొదటిసారి 'మీరు' వదిలేశాడు. "చూడమ్మాయ్. ఈ గది నాది, ఈ యంత్రం నాది, నీకు ఆ పొట్లం ఇచ్చింది నేను. వ్యాసంలో నీ పేరు నా పేరు పక్కన వేస్తున్నాను. ఈ దేశంలో ఎంతమంది ఆడపిల్లలకు దొరికిందది?"

"అయితే నా పేరు తీసెయ్యండి."

"ఏంటీ?"

"సగం చూసి మొత్తం చూశామని రాస్తున్నారు. దాని కింద నా పేరు ఉండకూడదు."

ఆయన అది బెదిరింపు అనుకున్నాడు. కలం తీసి, కాగితం మీద ఆమె పేరు కొట్టేస్తున్నట్టు పెట్టి, ఆమె కళ్ళలోకి చూశాడట. "కొట్టెయ్యండి, చూస్తాను" అంది అక్క. ఆయన కొట్టేశాడు.

ఆ సాయంత్రం టీ దగ్గర ఆమె ఆ సంగతి చెప్పగానే నాన్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"పేరు తీసెయ్యమన్నావా? నువ్వే?"

"నేనే."

"ఊరంతా చెప్పానే. మా మిల్లు ఫ్రెడ్ చేత కూడా గ్లాసు ఎత్తించానే. వాడు జన్మలో ఎవరికీ ఎత్తలేదు. రేపు వాళ్ళ మొహం ఎట్టా చూడమంటావు?"

"తప్పు మాట కింద సంతకం పెట్టనంది నా కూతురు, అని చెప్పు."

"వాళ్ళకది బుర్రకెక్కుద్దా? ఉద్యోగం ఊడిందంటారు. లేకపోతే ఇంకోటంటారు."

అన్నట్టే అన్నారు. వ్యాసం అచ్చయిందనీ, అందులో సగ్డెన్ అనే పేరే లేదనీ ఎవరో చెప్పారు. నాన్న టోపీలోని కాగితం మీద జోకులు పుట్టాయి. ఆయన కొన్నాళ్ళు బీరుకు వెళ్ళడం మానేసి, అక్కతో మాట్లాడడం కూడా మానేశాడు. "ఆయన కోపం పాలపొంగే. కాస్త నీళ్ళు చల్లితే దిగిపోద్ది" అని అమ్మ ధైర్యం చెప్పింది. దిగిపోవడానికి చాలాకాలమే పట్టింది. అక్క ఒక్కమాట వెనక్కి తీసుకోలేదు. రోజూ అదే ట్రామెక్కి అదే గదికి వెళ్ళి, ఆయనకు కావలసిన ఉన్ని ఫోటోలు తీసిపెట్టింది. మధ్యాహ్నం భోజనం మానుకుని తడి దారం ఫోటోలు తీసుకుంది.

యుద్ధం ముదిరాక ఆడవాళ్ళను కూడా సైన్యపు పనులకు పిలిచారు. అక్కకు వైమానికదళం నుంచి పిలుపొచ్చింది. ప్రొఫెసర్ ఆమెను పిలిపించి మంచిగానే మాట్లాడాడట.

"సైనికుల మేజోళ్ళు ఉతికితే కుంచించుకుపోతున్నాయి. దాని మీద పనిచేసే మనిషి నాకు తప్పనిసరని రాస్తాను. మిమ్మల్ని వదిలేస్తారు."

"పొద్దున మేజోళ్ళు చేస్తాను. మధ్యాహ్నం న్యూక్లిక్ ఆమ్లం చేసుకోనిస్తారా?"

"ఆ తడి గొడవ ఇంకా వదల్లేదా? యుద్ధం అయ్యేదాకా దాన్ని ముట్టుకోనని మాటివ్వండి."

"అట్లాంటి మాట ఇవ్వలేను సార్."

వెళ్ళి రాడార్ తెర ముందు కూర్చుంది. తూర్పు తీరంలో చలిగాలిలో యుద్ధమంతా అక్కడే గడిపింది. తిరిగొచ్చేసరికి ఆ నేలమాళిగ గదిలో వేరే అతను ఉన్నాడు. ఆమె ఫోటోలన్నీ బయట పారేశారని తెలిసింది. విశ్వవిద్యాలయం మెట్ల మీద కాసేపు నిలబడి, అట్నుంచే మా పక్క ఊళ్ళో ఆడపిల్లల హైస్కూలుకు వెళ్ళి ఫిజిక్సు టీచరు ఉద్యోగం అడిగింది. ప్రధానోపాధ్యాయిని మిస్ ఆర్మిటేజ్, "మా పిల్లలు అల్లరి" అని హెచ్చరించింది. "మంచిదే" అంది అక్క.

యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్ళకు, చాక్లెట్ల మీద రేషను ఎత్తేసిన ఏడాది, వసంతంలో ఒక శనివారం, అక్క తలుపు కొట్టకుండానే మా ఇంట్లోకి వచ్చేసింది. అప్పటికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఆమె నగర గ్రంథాలయం నుంచి వస్తోంది. కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"కనిపెట్టేశారే, రోడా. కేంబ్రిడ్జిలో ఇద్దరు. రెండు పోగులు ఒకదాన్నొకటి మెలేసుకుని ఉన్నాయట, మెట్లున్న నిచ్చెనని మెలితిప్పినట్టు. రెండు పోగులూ విడిపోతే దేనికది జంట అల్లుకోగలదట. బిడ్డకు తల్లి పోలిక ఎట్లా వస్తుందో అందులోనే ఉందట."

"మరి నీ ఇంటూ?"

"అదే. లండన్‌లో ఒకావిడ తీసింది, తడి రూపం ఫోటో. ఎంత శుభ్రంగా తీసిందనుకున్నావ్. నా మసకది దాని పక్కన పెడితే సిగ్గుచేటు. తడిదే కావాల్సింది, రోడా. మెలిక ఉన్నది దాన్లోనే."

"ఏడుపొస్తోందా అక్కా?"

"లేదు. చెప్పలేనంత ఆనందంగా ఉంది. ఒళ్ళు కూడా మండుతోంది. రెండూ ఒకేసారి రావచ్చని నాకు తెలీదు. తినడానికేమన్నా ఉందా?"

అల్లం వేసి చేసిన పార్కిన్ కేకు పళ్ళెంలో పెట్టి ముందు ఉంచాను. పిల్లలకు ఒక్క ముక్క మిగల్చకుండా తినేసింది.

ఆ శరత్కాలంలో మా ఊరి సభామందిరంలో ప్రొఫెసర్ హార్‌గ్రీవ్ బహిరంగ ఉపన్యాసం ఇస్తున్నాడని గోడల మీద కాగితాలు అంటించారు. విషయం, 'వంశపారంపర్య పోగు: ఉన్ని లోయ నుంచి మొదలైన ప్రయాణం'. అక్క ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది.

"వెళ్దాం" అంది.

"గొడవేం చెయ్యవుగా?"

"ఆయనేం చెప్తాడో దాన్నిబట్టి."

హాలు నిండిపోయింది. మిల్లు యజమాని క్రాబ్‌ట్రీ అధ్యక్షుడు. నాన్న కూడా వచ్చాడు. పని మానేసి అప్పటికి చాలాకాలమైనా ఆయన గోళ్ళ అంచుల్లో రంగు పోలేదు. ప్రొఫెసర్ చేతికర్ర పట్టుకుని వచ్చాడు. మనిషి తగ్గాడు కానీ గొంతు తగ్గలేదు. ఉన్ని గురించి చెప్పాడు, నవ్వించాడు, పాత చుక్కల ఫోటో తెర మీద చూపించాడు. దాన్ని తీసిందెవరో చెప్పలేదు.

"ఆ రహస్యానికి ఒక్క అడుగు దూరం దాకా మొదట వెళ్ళింది మనమే. తడి రూపం ఒకటి ఉందని తెలిసుంటే ఆ అడుగు కూడా మనమే వేసేవాళ్ళం. మనకు దురదృష్టవశాత్తూ అలాంటి ఫోటో ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు.

అక్క లేచి నిలబడింది.

"దొరికింది సార్."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. క్రాబ్‌ట్రీ బల్ల మీద తట్టి, "ప్రశ్నలు చివర్న, మేడమ్" అన్నాడు.

"ఇది ప్రశ్న కాదండీ. యుద్ధానికి ముందు వేసవిలో ఆ ఫోటో నేను తీసి ఆయన చేతికిచ్చాను. పాడైందన్నారు, వ్యాసంలో వెయ్యలేదు."

"కూర్చోండి మేడమ్."

"కూర్చోను."

గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలోంచి ఎవరో, "రుజువేమన్నా ఉందా?" అని అరిచారు.

"లేదు. ఫోటోలన్నీ పారేశారు. నా పేరు కూడా వ్యాసం మీద లేదు, నేనే తీసెయ్యమన్నాను. మీరు ప్రొఫెసర్ గారినే అడగండి. ఆయన లేదంటే, కూర్చుంటాను."

అక్క తీర్పంతా ఆయన నోట్లో పెట్టేసింది. ఒక్క 'లేదు' అంటే అక్క ఆ ఊళ్ళో పిచ్చిదానికింద లెక్క. బడిలో పిల్లలు కూడా నవ్వుతారు. పక్కన నాన్న లేచాడు. కూర్చోబెడతాడేమో అనుకున్నాను. ఆయన టోపీ చేతిలో పట్టుకుని అక్క పక్కన నిలబడిపోయాడు, అంతే.

ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఉండేది" అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. "ఆ ఫోటో ఉండేది. తడిసి పాడైందని నేనే అన్నాను. అప్పట్లో ఎవరైనా అదే అనేవాళ్ళు, మిస్ సగ్డెన్."

"నేను అనలేదు సార్."

ఆయన వెనకున్న నల్లబల్ల వైపు తిరిగాడు. సుద్దముక్క తీసుకుని ఆమె వైపు చాపాడు. కోపంతో చాపాడో, ఓడిపోయి చాపాడో నాకు ఈనాటికీ తెలీదు. అక్క నడవా దాటి వేదిక ఎక్కింది. నల్లబల్ల మీద పెద్ద ఇంటూ గీసింది. అలాంటి ముగ్గు మెలితిరిగిన దానికే ఎందుకు పడుతుందో, దారం తడిసి సాగినప్పుడు లోపలేం జరుగుతుందో బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. మధ్యలో కొందరు బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయారు. క్రాబ్‌ట్రీ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ప్రొఫెసర్ మాత్రం కుర్చీలో ముందుకు వంగి, చేతికర్ర మీద గడ్డం ఆనించి, మొత్తం విన్నాడు.

కిందికి దిగొచ్చాక నాన్న ఆమె కోటు పట్టుకుని తొడిగాడు. "ఆ ఫ్రెడ్ బతికుంటే బాగుండేది" అన్నాడు.

సోమవారం మిస్ ఆర్మిటేజ్ పిలిపించింది. బడి పాలకమండలిలో క్రాబ్‌ట్రీ బావమరిది ఉన్నాడు. పెద్దమనిషిని నిండుసభలో అవమానించినందుకు క్షమాపణ రాసివ్వాలన్నారట.

"నేను చెప్పింది అబద్ధమని ఆయనే అంటే రాస్తాను" అంది అక్క.

"ఆయన అనడు. నేను ఫోన్ చేసి అడిగాను. నిజమేనన్నాడు" అంది మిస్ ఆర్మిటేజ్. "అయినా మీరు రాస్తే నాకు గొడవ వదిలిపోతుంది."

"రాయను."

"రాస్తారని నేనూ అనుకోలేదులెండి. వెళ్ళండి, మీ క్లాసువాళ్ళు అప్పుడే కిటికీలెక్కుతున్నారు."

పాలకమండలి కొన్నాళ్ళు గొణిగి ఊరుకుంది. ప్రొఫెసర్ ఒక ఆదివారం మా అమ్మావాళ్ళ ఇంటికి వచ్చాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, వారానికొకసారి వచ్చి తన ప్రయోగశాలలో పనిచేసుకోవచ్చని అక్కతో అన్నాడు.

"జీతం?"

"దానికి నిధులు లేవు. గౌరవ హోదా."

"గౌరవం అప్పుడే ఇచ్చుంటే సరిపోయేది సార్. ఇప్పుడు ఉద్యోగం కావాలి."

ఆయన తలూపాడు. లేచేటప్పుడు అమ్మ ఆయనకు మరో కప్పు పొయ్యలేదు. మా ఇంట్లో దానికన్నా పెద్ద మాట లేదు. మరుసటి చలికాలంలో ఆయన పోయాడు. అక్క అంత్యక్రియలకు వెళ్ళి వెనక వరసలో కూర్చుని పాటలన్నీ గట్టిగా పాడింది.

ఆ తర్వాత ఏడాది పేపర్లో ఒక ప్రకటన చూసి దరఖాస్తు పెట్టింది. కొండల అవతల, లాంకషైర్‌లో, ఒక ఆస్పత్రికి అనుబంధంగా కొత్త ప్రయోగశాల. ఎక్స్‌కిరణాల సహాయకురాలి ఉద్యోగం. పెద్దది కాదు. అధికారి డాక్టర్ క్లెగ్ ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు.

"బడిలో పింఛను వచ్చే ఉద్యోగం వదులుకుని, మీసాలు రాని కుర్రాడి కింద పనిచేస్తావా?" అంది అమ్మ.

"కుర్రాడి కింద చేస్తే చెయ్యనీ," అన్నాడు నాన్న. "అది కాదే నా బాధ. లాంకషైరా? ఇంకెక్కడా దొరకలేదా?"

యార్క్‌షైర్ మనిషికి లాంకషైర్ వెళ్ళడమంటే శత్రువు ఇంట్లో అద్దెకు దిగడమే. అక్క నవ్వి పెట్టె సర్దుకుంది.

మొదటి వేసవిలో నేను చూడ్డానికి వెళ్ళాను. గది చిన్నది. అక్క తెల్లకోటు వేసుకుని కెమెరా మీద వంగి ఉంది. మనిషి శరీరంలో ఎముకను కండకు కట్టేసే స్నాయువు పోగుకు ఫోటో తీస్తోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చెయ్యెత్తి అక్కడే ఆగమంది. అంతలో పొడుగాటి యువకుడొకడు హడావుడిగా లోపలికొచ్చి, ఏదో అడగబోయాడు.

"తలుపు" అంది అక్క, తలెత్తకుండా.

"ఒక్క నిమిషం, మిస్ సగ్డెన్..."

"గాలి మారితే చెమ్మ మారుతుంది, డాక్టర్ క్లెగ్. చెమ్మ మారితే ఫోటో మారుతుంది. ముందు తలుపెయ్యండి."

అతను నా వైపు చూసి, భుజాలెగరేసి, వెనక్కి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.